పిట్ట కనిపిస్తే ముందు కాళ్ళు ఆగాలి: టికాల్ అడవికి వెళ్ళేవాళ్ళకు జాగ్రత్తలు

డిసెంబరు దగ్గర పడుతోంది. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా, బెలీజ్ అడవుల్లో వానలు వెనకపట్టి, ఉత్తరాది వలస పిట్టలన్నీ దిగి ఉండే కాలం ఇది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది క్రిస్మస్ సెలవులకు అక్కడి ప్రాచీన మాయా జాతివాళ్ళ శిథిలాల్లో పిట్టల టూర్లు బుక్ చేసుకుని, ఏ లెన్స్ తేవాలి, పెద్ద ముక్కు టూకన్ పిట్ట ఎక్కడ కనిపిస్తుంది అని నన్ను అడుగుతున్నారు. అవి తరవాత చెప్పుకుందాం. ముందు పోయిన ఫిబ్రవరిలో మా కళ్ళముందు జరిగింది వినండి.

మాతో వచ్చిన ఒక అన్నగారు రోజూ ఐదు మైళ్ళు నడిచే మనిషి. గ్వాటెమాలా అడవిలోని పాత మాయా నగరం టికాల్‌లో ఒక రాతి అరుగు మీద నిలబడి ట్రోగన్‌ను చూస్తున్నారు. అరుగు ఎత్తు నాలుగడుగులు కూడా ఉండదు. ఎర్రటి పొట్ట, ఆకుపచ్చ వీపు, మెడ తిప్పడం తప్ప కదలిక లేని పిట్ట. ఉన్నట్టుండి అది కొమ్మ మారింది, మధ్యలో ఆకు అడ్డం వచ్చింది. ఆయన బైనాక్యులర్స్ కళ్ళ మీదే ఉంచి ఒక్క అడుగు వెనక్కి వేశారు. వెనక ఏమీ లేదు. తుంటి ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద మోసుకుని వ్యాను దాకా తెచ్చి, గతుకుల మీద ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం అయింది. ఆ దారి పొడుగునా ఆయన మూలుగు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇవాళ్టికీ ఆయన చేతికర్రతోనే నడుస్తున్నారు.

పోయిన వారం మళ్ళీ ఒక ఫోను. బెలీజ్‌లో తెలిసినవాళ్ళ అబ్బాయి అచ్చం ఇలాగే పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. అందుకే ఇది రాస్తున్నాను.

నీళ్ళు తాగండి, టోపీ పెట్టుకోండి లాంటివి టూరు వాళ్ళు పంపే కాగితంలో ఉంటాయి. నేను చెప్పేది ఒక్కటే: బైనాక్యులర్స్ కళ్ళ మీద ఉండగా అడుగు వేయకండి. ముందుకు వద్దు, పక్కకు వద్దు, వెనక్కి అసలే వద్దు. బైనాక్యులర్స్ దించి, కింద చూసి, ఒక అడుగు వేసి, మళ్ళీ ఎత్తండి. ఆ రెండు సెకన్లలో పిట్ట ఎగిరిపోతే పోనివ్వండి.

మా గైడు టికాల్ ఉన్న పెటెన్ ప్రాంతం మనిషి, తాత కాలం నుంచీ అడవిలోనే ఉన్న కుటుంబం. పిట్ట కనిపించగానే ఆయన వేలు చూపించడు. చేతిలో కర్రతో నేల మీద రెండుసార్లు తడతాడు. అందరూ ఆగుతారు. పాదాలు రెండూ సమంగా ఆనాయో లేదో చూసుకుంటారు. అప్పుడు చెట్టు పేరు, కొమ్మ ఎత్తు చెప్తాడు. మొదటి రోజు ఈ ఆలస్యానికి నాకు చిరాకేసింది. మూడో రోజుకు ఆ పద్ధతి ఎంత విలువైనదో తెలిసింది. మీ గైడుకు ఈ అలవాటు లేకపోతే మీ గుంపులోనే ఒకరు ఆ పని పెట్టుకోండి.

గుడుల మీద

టికాల్‌లో నాలుగో గుడి ఎత్తు దాదాపు 65 మీటర్లు. దాని మీద కూర్చుంటే అడవి పైకప్పు మన కాళ్ళ కింద ఉంటుంది, చిలకల గుంపుల వీపులు పైనుంచి కనిపిస్తాయి. కట్టి 1,200 ఏళ్ళు దాటింది. పాత రాతి మెట్ల మీద కాకుండా పక్కన వేసిన చెక్కమెట్ల మీదే పైకి పంపుతారు. మాయావాళ్ళ మెట్లు మన గుడి మెట్ల లాంటివి కావు, ఎత్తు ఎక్కువ, పాదం ఆనే చోటు తక్కువ. పైగా సున్నపురాయి. చలికాలం తెల్లవారుజామున మంచు చెట్ల మీంచి వానలా కారుతుంది. తడిసిన రాయి మీద పాచి ఉంటే ఎంత మంచి బూటైనా జారుతుంది.

మొదటి గుడి ఎక్కడం ఎప్పుడో నిషేధించారు. మెక్సికోలోని చిచెన్ ఇట్జా పిరమిడ్ మీద ఒకావిడ మెట్ల నుంచి పడి చనిపోయాక 2006లో దాన్నీ ఆపేశారు. తాడు కట్టి ఉన్న చోట దాటకండి. మనవాళ్ళలో "ఒక్క ఫొటో" అనేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. వాళ్ళ మాట వినకండి.

పైకి ఎక్కాక ముందు కూర్చోండి. కూర్చున్నాకే బైనాక్యులర్స్ తీయండి. ఆ గుడుల ముందు గాలిలో ఆరెంజ్ బ్రెస్టెడ్ ఫాల్కన్ వేటాడుతూ తిరగొచ్చు, అరుదైన డేగ. అది వచ్చిందంటే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడతారు. సరిగ్గా అప్పుడే కూర్చుని ఉండాలి. అది తిరిగే వేగానికి కళ్ళతో వెంటాడుతూ ఒళ్ళంతా తిప్పేస్తాం, కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. దిగేటప్పుడు బైనాక్యులర్స్ మెడలో వేలాడకూడదు, సంచిలో పెట్టండి. రెండు చేతులూ కటకటాల మీద ఉండాలి.

నేల మీద

ఈ అడవిలో అందరూ భయపడే పామును ఫెర్ డి లాన్స్ అంటారు. గ్వాటెమాలాలో దానికి బార్బా అమరీయా అని పేరు, అంటే పసుపు గడ్డం. మన రక్తపింజర ఎలా ఎండుటాకుల్లో కలిసిపోతుందో ఇదీ అంతే. పక్కనే ఉన్నా కనిపించదు. అది మన మీదికి రాదు, మనమే వెళ్ళి దాని మీద కాలు పెడతాం. ఎప్పుడు పెడతాం? తల పైకెత్తి, పిట్ట వెంట బాట దిగి ఆకుల్లోకి నడిచినప్పుడు. మళ్ళీ అదే తప్పు.

మన దేశంలో వాడే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు తయారైంది. ఈ పాముకు పనికిరాదు, దీని మందు వేరు. ఆ మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉంది, అక్కడికి ఎంతసేపు పడుతుంది అని టూరు వాళ్ళను డబ్బు కట్టకముందే అడగండి. సరైన జవాబు రాకపోతే వాళ్ళతో వెళ్ళకండి. కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. ఉంగరాలు, వాచీ తీసేసి, కరిచిన చోటు కదలకుండా పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దండుచీమల సంగతి విడిగా చెప్పాలి. వేలకొద్దీ చీమలు నేల మీద తివాచీలా కదులుతుంటే, వాటి ముందు పారిపోయే పురుగుల కోసం వుడ్‌క్రీపర్లు, ఆంట్ టానజర్లు అనే పిట్టలు గుంపుగా వస్తాయి. టూరు మొత్తంలో అంతమంచి దృశ్యం దొరకదు. అందరూ తలలెత్తి చూస్తూ మెల్లగా ఆ చీమల మధ్యకే నడుస్తారు. ప్యాంటులోకి ఎక్కాక ఎగరడం మొదలుపెడతారు, ఎగిరినవాళ్ళు వేరు తగిలి పడతారు. చీమల వరస ఎటు పోతోందో ముందు చూసి, దానికి పక్కగా నిలబడండి.

చేతులు

తల ఎత్తి చూసేవాడు తనకు తెలియకుండానే చెయ్యి చాచి చెట్టుకు ఆనుకుంటాడు. ఇక్కడ అది కుదరదు. చెచెన్ అనే చెట్టు మన జీడి కుటుంబానిదే. చిన్నప్పుడు జీడి రసం తగిలి చర్మం ఎలా బొబ్బలెక్కేదో గుర్తున్నవాళ్ళకు ఇంక చెప్పక్కర్లేదు. బెరడు మీద నల్లగా కారిన చారలుంటే దూరంగా ఉండండి, వాన పడుతుంటే దాని కింద నిలబడకండి. ఎస్కోబా తాటికి మొదలంతా సూదుల్లాంటి ముళ్ళు. ఎద్దుకొమ్ముల్లాంటి ముళ్ళున్న తుమ్మజాతి మొక్క ఒకటుంది, ఆ ముళ్ళ బోలులో చీమలు కాపురముంటాయి, కొమ్మ తాకితే చాలు బయటికి వచ్చి కుడతాయి. ఆనుకోవాలనిపిస్తే చేతికర్ర తెచ్చుకోండి. దాని మీద ఆనుకోండి.

ఇంక మిగతావి వరసగా చెప్పేస్తాను.

సూర్యోదయం టూరుకు చీకట్లోనే అడవిలో నడవాలి. తలకు కట్టుకునే లైటు ఒక్కొక్కరికి ఒక్కటి ఉండాలి, ఇద్దరికి ఒకటి కాదు. ఫోన్ లైటు లెక్కలోకి రాదు.

తెల్లారకముందు పులి గర్జించినట్టు వినిపిస్తే అది హౌలర్ కోతి. పరిగెత్తకండి. వాటి కింద నిలబడకండి, పైనుంచి ఉచ్చ పోస్తాయి.

పాత గోడల పగుళ్ళలో తేనెటీగల పట్లుంటాయి. అవి మన ఊళ్ళో పెట్టెల్లో పెంచే ఈగల్లాంటివి కావు, ఆఫ్రికా సంకర జాతి, చాలా దూరం తరుముతాయి. సెంటు, వాసన నూనె పూసుకురాకండి. హోరు వినిపిస్తే మాట్లాడకుండా వెనుదిరగండి. పైన పడితే ముఖం కప్పుకుని పరిగెత్తండి, మధ్యలో ఆగకండి, నీళ్ళలో దూకకండి. నేను ఆగమని చెప్పని ఒకే ఒక్క సందర్భం ఇది. అప్పుడు కూడా బాట చూసుకుంటూ పరిగెత్తాలి.

టికాల్‌లో నది లేదు. మాయావాళ్ళు వాననీళ్ళు చెరువుల్లో నిలవ చేసుకుని అంత నగరాన్ని నడిపారు. ఇప్పుడు అక్కడి చెరువు గట్టున మొసలి ఉందని బోర్డు ఉంటుంది. బోర్డు నిజం. నీటికోడి ఫొటో కోసం గట్టు అంచుకు వెళ్ళకండి.

బెలీజ్‌లోని మాయా శిథిలాలు లమనాయ్‌కు పడవలో వెళ్తారు. జబీరు కొంగ కనిపించినా సరే, పడవలో లేవకండి. కూర్చునే చూడండి.

పులిహోర డబ్బా బయట తెరవకండి. కోటీలు అనే పొడుగు ముక్కు జంతువులు గుంపుగా వచ్చి సంచి లాగేస్తాయి. వాటికి పెట్టకండి. పిల్లల చేతుల్లో బిస్కెట్ ఉండనివ్వకండి.

కళ్ళ ఈకల టర్కీలు కోళ్ళలా మన కాళ్ళ మధ్య తిరుగుతాయి. నెమలి కన్నులాంటి చుక్కలున్న ఆ తోకను ఫొటో తీయాలని వెనక్కి వెనక్కి నడుస్తారు. వెనక్కి నడవకండి!

పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి. పిడుదులు, కంటికి ఆనని ఎర్ర పురుగులు గడ్డిలోంచే ఎక్కుతాయి. సాయంత్రం గదికి రాగానే చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక చూసుకోండి.

దోమల మందు చెవులకు కూడా రాయండి. మన పెరట్లో పెరిగే సపోటా పుట్టిల్లు ఈ అడవులే. టికాల్ గుడుల గుమ్మాల మీద అడ్డదూలాలు ఆ కర్రవే. ఆ చెట్టు పాలు గీసి చూయింగ్ గమ్ముకు అమ్మిన కూలీలను చిక్లేరోలు అనేవారు. ఇసుక ఈగ కుట్టి వాళ్ళ చెవులకు మానని పుళ్ళు పడేవి. ఆ జబ్బు పేరే చిక్లేరో పుండు. ఆ ఈగలు సందెవేళ నుంచి తెల్లవారే దాకా కుడతాయి, పిట్టలవాళ్ళం తిరిగేది కూడా ఆ వేళల్లోనే.

చిన్న గీత పడ్డా కడిగి కట్టు కట్టండి. పిల్లపురుగులు బతికున్న మాంసం తినే స్క్రూవార్మ్ ఈగ 2024లో గ్వాటెమాలాలోనూ, మెక్సికోలోనూ మళ్ళీ కనిపించింది. అది గుడ్లు పెట్టేది ఎక్కువగా తెరిచి ఉన్న పుండులో.

పిట్ట కూత ఫోనులో పెట్టి పిలవకండి. పిలిస్తే అది దగ్గరికొస్తుంది, మీరు ఇంకా దగ్గరికి జరుగుతారు.

నడుస్తూ కెమెరా తెర చూడకండి. నడుస్తూ ఫోనులో పిట్టల జాబితా నింపకండి. ఆగండి, నింపండి, ఫోను జేబులో పెట్టండి, నడవండి.

గుంపులో అందరికన్నా ఉత్సాహమున్న మనిషి పక్కన ఒకరు ఉండండి. పడేది ఎక్కువగా వాళ్ళే. "అన్నా, కాళ్ళు" అని గట్టిగా అనండి, మొహమాటపడకండి.

ఇంటికొచ్చాక నెలలు గడిచినా ఒంటి మీద మానని పుండు ఉన్నా, లోపల ఏదో కదులుతున్నట్టు గడ్డ లేచినా, జ్వరం వచ్చినా, డాక్టరు అడిగేదాకా ఆగకండి. కుర్చీలో కూర్చోగానే, గ్వాటెమాలా అడవిలో తిరిగొచ్చానని ఆ మాటే ముందు చెప్పండి.