యుద్ధవిమానం నుంచి నాసా అధిపతి కుర్చీ దాకా: అమెరికాలో ఈ దారి పట్టాలంటే

నౌకాదళ పైలట్‌గా మొదలుపెట్టి, అంతరిక్షంలోకి వెళ్ళొచ్చి, ఆపైన నాసాకి పూర్తిస్థాయి అధిపతులైనవాళ్ళు ఇద్దరే. ఒకరు రిచర్డ్ ట్రూలీ (1989–92), రెండోవారు నౌకాదళంతో కలిసి పనిచేసే మెరైన్ కోర్ అనే సైనికదళం నుంచి వచ్చిన చార్లెస్ బోల్డెన్ (2009–17). మెరైన్ పైలట్లకి కూడా నౌకాదళ పైలట్ హోదానే ఇస్తారు. ఈ దారి అమెరికా పౌరులకే. వ్యోమగామి ఎంపికలో నాసాకి ద్వంద్వ పౌరసత్వం ఉన్నా అడ్డులేదు.

అన్నిటికంటే ముందు డిగ్రీ చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పడిన తప్పు పదేళ్ళ తర్వాత గానీ బయటపడదు. ఇంజనీరింగ్, గణితం, భౌతిక, జీవ, కంప్యూటర్ శాస్త్రాలు నాసాకి పనికొస్తాయి. ఏవియేషన్ మేనేజ్‌మెంట్, ఇంజనీరింగ్ టెక్నాలజీ లాంటివి లెక్కలోకి రావు. పేరులో విమానం ఉందికదా అని చేరి నష్టపోయే అవకాశం ఇక్కడే ఎక్కువ. ట్రూలీ 1959లో జార్జియా టెక్‌లో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు.

నౌకాదళంలో ఆఫీసరుగా చేరడానికి అన్నపోలిస్‌లోని నౌకాదళ అకాడమీ, కాలేజీలో చదువుతూనే సాగే ఆర్.ఓ.టి.సి. శిక్షణ, డిగ్రీ అయ్యాక న్యూపోర్ట్‌లోని ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్ అనే మూడు మార్గాలున్నాయి. పైలట్ శిక్షణ పెన్సకోలాలో మొదలవుతుంది. తొలి దశలో టి-6బి అనే శిక్షణ విమానం మీద ఎగరాలి. ఆ దశ మార్కులు, నౌకాదళ అవసరాలు కలిసి మీకు జెట్టా, హెలికాప్టరా అన్నది తేలుస్తాయి. వ్యోమగామి కావాలనుకునేవాళ్ళకి జెట్ వస్తే దారి సులువు. జెట్ వస్తే తర్వాత టి-45 శిక్షణ జెట్, అటుపైన పూర్తి పైలట్ అయినట్టు ఇచ్చే రెక్కల బ్యాడ్జీ. బ్యాడ్జీ వచ్చిన రోజు నుంచి జెట్ పైలట్‌కి కనీసం 8 ఏళ్ళ సర్వీసు తప్పనిసరి.

ఆ ఏళ్ళలో లాగ్‌బుక్ మీద కన్నేసి ఉంచండి. 2024 ప్రకటనలో నాసా పైలట్లకి పెట్టిన కొలత, పైలట్-ఇన్-కమాండ్‌గా 1,000 గంటలు, అందులో 850 గంటలు అధికసామర్థ్య జెట్లలో. విమానం మీ బాధ్యతలో ఉన్న గంటలే ఇక్కడ లెక్క. సిమ్యులేటర్ సమయం, పక్క సీట్లో కూర్చున్న సమయం ఈ మొత్తంలో కలవవు.

తర్వాతి మెట్టు, కొత్త విమానాల్ని నడిపి పరీక్షించడం నేర్పే టెస్ట్ పైలట్ స్కూల్. నౌకాదళానిది మేరీల్యాండ్‌లోని పాటక్సెంట్ రివర్‌లో ఉంది, కోర్సు సుమారు ఏడాది. నాసా మామూలుగా అడిగే మాస్టర్స్ డిగ్రీకి బదులు, తగిన బ్యాచిలర్స్‌తో పాటు ఈ కోర్సు చేసినా చాలు. అసలు లాభం అది కాదు. విమానం ఎందుకలా ప్రవర్తించిందో అంకెలతో రాసిపెట్టే అలవాటు ఇక్కడ ఒంటబడుతుంది. కొత్త వాహనాలు నడిపేవాళ్ళకి కావలసింది అదే.

నాసా దరఖాస్తులు ఏటా పిలవదు. ప్రకటన వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వ ఉద్యోగాల వెబ్‌సైటు యు.ఎస్.ఎ.జాబ్స్‌లో వేయాలి, సర్వీసులో ఉన్నవాళ్ళు తమ దళం ద్వారా కూడా పంపాలి. ఈ రెండోది మరిస్తే మొదటిది వృథా. 2024లో 8,000 మందికి పైగా దరఖాస్తు చేస్తే, 2025లో 10 మందిని తీసుకున్నారు. చూపు కళ్ళజోడుతో 20/20కి, అంటే మామూలు స్థాయికి వచ్చినా సరిపోతుంది. లేజర్ శస్త్రచికిత్స అయితే ఏడాది గడిచి, ఇబ్బందులేవీ ఉండకూడదు. ఎంపికయ్యాక రెండేళ్ళ శిక్షణ. సైనికులు తమ దళంలోనే ఉంటూ నాసాకి డెప్యుటేషన్ మీద వస్తారు.

అధిపతి పదవికి దరఖాస్తు లేదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తారు, సెనెట్ ఆమోదించాలి. అంతరిక్షయానమొక్కటే అక్కడ చాలదు, పెద్ద సంస్థని నడిపిన అనుభవం చూస్తారు. ట్రూలీ 1981లో కొలంబియా, 1983లో ఛాలెంజర్ అనే అంతరిక్ష షటిళ్ళు ఎక్కారు. తర్వాత నౌకాదళ స్పేస్ కమాండ్‌కి తొలి సారథి అయ్యారు. 1986 జనవరిలో ఛాలెంజర్ కూలాక నాసాలో అంతరిక్షయాన విభాగం ఆయన చేతికొచ్చింది. ప్రమాదానికి కారణమైన బూస్టర్ రాకెట్ కీళ్ళ డిజైన్ మార్పించి, 1988 సెప్టెంబర్ 29న డిస్కవరీ షటిల్ ఎగిరేదాకా పని నడిపించారు. ఆయన్ని అధిపతి చేసింది ఆ రెండున్నరేళ్ళ పనే అనవచ్చు. కాబట్టి వ్యోమగామిగా ఉండగానే వాషింగ్టన్ ప్రధాన కార్యాలయంలో ఒక పదవి అడిగి తీసుకోండి. బోల్డెన్ 1992లో అక్కడ అసిస్టెంట్ డిప్యూటీ అడ్మినిస్ట్రేటర్‌గా చేశారు.

చాలామంది గమనించని చిక్కు చట్టంలో ఉంది. 1958 నాటి అంతరిక్ష చట్టం ప్రకారం అధిపతి పౌర జీవనం నుంచి రావాలి. ట్రూలీ అప్పటికి అడ్మిరల్ కావడంతో కాంగ్రెస్ ప్రత్యేక చట్టమే చేయాల్సివచ్చింది. 2002లో బోల్డెన్‌ని డిప్యూటీగా ప్రతిపాదించినప్పుడు, సర్వీసులో ఉన్న జనరల్ కావడం వల్ల ఆ పేరు వెనక్కి తీసుకున్నారు. 2003లో రిటైరయ్యారు, 2009లో అధిపతి అయ్యారు. అందుకని పేరు చర్చలోకి రాకముందే యూనిఫాం వదిలేయడం మేలు. అంతరిక్ష కంపెనీల్లో వాటాలుంటే అవి కూడా ముందే సర్దుకోవాలి, ఆస్తుల వెల్లడి పత్రాలతోనే నెలలు గడిచిపోతాయి.

ఈ కుర్చీకి నిర్ణీత గడువు లేదు, అధ్యక్షుడు వద్దన్న రోజు దిగాలి. వైట్‌హౌస్‌లోని అంతరిక్ష మండలితో విభేదాలొచ్చి ట్రూలీ 1992లో వైదొలగాల్సివచ్చింది. ఆ తర్వాత జార్జియా టెక్ పరిశోధన సంస్థకీ, పునరుత్పాదక ఇంధన జాతీయ ప్రయోగశాలకీ డైరెక్టర్‌గా పనిచేశారు.