చంచల్‌గూడ నుంచి పోలింగ్ బూత్‌కి
రెండేళ్లు చంచల్‌గూడ జైల్లో ఉండి వచ్చాను. ఇక ఓటు పోయిందనుకున్నా. పోలేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఆపేది లోపల ఉన్నన్నాళ్లే. బయటికొచ్చాక, బెయిల్ మీదైనా సరే, వెయ్యొచ్చు. ఎన్నికల్లో లంచం, దొంగ ఓటు కేసుల్లో శిక్ష పడినవాళ్లు మాత్రం 6 ఏళ్లు ఆగాలి.

ముందు 1950 నంబరుకి ఫోన్ చేసి ఓటర్ల జాబితాలో పేరుందో లేదో కనుక్కోండి. జైలుకెళ్లినంత మాత్రాన పేరు తీసెయ్యరు. మేం మలక్‌పేట ఇల్లు ఖాళీ చేయడంతో నాది పోయింది. అలాగైతే ఫారం 6 నింపాలి. పేరుండి అడ్రస్ మారితే ఫారం 8.

కేసు గురించి ఏ గడిలో అడుగుతారోనని ఒకటే టెన్షన్. అలాంటి గడే లేదు! విడుదల కాగితం నాలుగు మడతలు విప్పి చూపించబోతే బీఎల్‌వో (మా బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి), "అదెందుకన్నా, కరెంటు బిల్లుంటే ఇయ్యి" అన్నాడు.