డిసిపేట్ అనే ఇంగ్లిష్ మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడి నాలాగా బుక్కవ్వకూడదు

అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని రెండేళ్లు గ్రూప్స్‌కి చదివాను, చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే ఉరికే బ్యాచ్ మాది, ఉద్యోగం మాత్రం రాలే. తర్వాత మాదాపూర్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పోతే అక్కడి మేడమ్ రెజ్యూమె చూసి ఈ గ్యాప్ ఏంటి అని అడిగింది. రెండేళ్లు వృథా అయ్యాయి అని కొంచెం స్టైల్‌గా చెబుదామని ముందు రోజు రాత్రి డిక్షనరీలో పట్టిన మాట వదిలా, ఐ లెడ్ ఎ డిసిపేటెడ్ లైఫ్ ఫర్ టూ ఇయర్స్ అని. మేడమ్ రాస్తున్న పెన్ను ఆగింది, పక్కన కూర్చున్న సార్ దగ్గినట్టు చేసి నవ్వు ఆపుకున్నాడు. బయటికొచ్చి ఫోన్‌లో చూస్తే అప్పుడర్థమైంది, రెండేళ్లు తాగి, పేకాడి, తిరిగి చెడిపోయానని నా నోటితో నేనే చెప్పుకున్నా. ఆ రెండేళ్లు నేను తాగింది చాయ్ ఒక్కటే, అది కూడా వన్ బై టూ.

తప్పు సగం నాది, సగం ఆ డిక్షనరీది. చెదరగొట్టు, వృథా చేయు అని రెండు అర్థాలు పక్కపక్కన పడేసి ఊరుకుంటది, చెదరడానికీ వృథా చేయడానికీ ఏం చుట్టరికమో చెప్పదు. ఆ చుట్టరికం పట్టుకుంటే ఇంక బట్టీ పట్టే పనే లేదు.

అగర్‌బత్తి వెలిగించి చూడండి. పుల్ల కొస దగ్గర పొగ సన్నగా దారంలా లేస్తది, జానెడు పైకి పోయాక మెలికలు తిరిగి వెడల్పవుతది, ఫ్యాన్ గాలికి ఇంకా పల్చబడి కాసేపటికి అసలు పొగ ఉందా లేదా అన్నట్టుంటది. ఒక్కచోట చిక్కగా ఉన్నది పల్చబడి పల్చబడి లేకుండా పోవడం, డిసిపేట్ అంటే ఇదే. లాటిన్‌లో కూడా ఈ మాటలో మొదటి ముక్కకి వేరువేరుగా అని, రెండో ముక్కకి విసరడం అని అర్థం.

ఇప్పుడు మన సామెత చూడండి, తాతల ఆస్తి హారతి కర్పూరంలా కరిగించేశాడు అంటాం కదా, అక్కడ మనం చేసింది కూడా ఇదే పని, గాల్లో కలిసిపోయే కర్పూరాన్ని తెచ్చి డబ్బుకి అంటించాం. హి డిసిపేటెడ్ హిజ్ ఫార్చూన్ అంటే అచ్చంగా ఆ కర్పూరం లెక్కే. కోర్టుల్లో కూడా వినిపిస్తది ఈ మాట, విడాకుల కేసులో, అప్పుల కేసులో ఒక పార్టీ ఆస్తులు అమ్మేసి మాయం చేయకుండా ఆర్డర్ అడిగేటప్పుడు డిసిపేషన్ ఆఫ్ అసెట్స్ అంటారు.

స్కాటర్‌కీ దీనికీ తేడా నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది. కింద పడింది ఏరుకోగలిగితే స్కాటర్, ఏరుకోలేకపోతే డిసిపేట్. పల్లీల పొట్లం చిరిగి ట్యాంక్‌బండ్ మీద పడితే స్కాటర్, తిట్టుకుంటూ ఏరుకోవచ్చు. పొగ, మంచు, వేడి, వాసన, కోపం, టెన్షన్, ఇవి ఏరుకునేవి కాదు. హర్ యాంగర్ డిసిపేటెడ్ అంటే ఆమె కోపం మెల్లగా చల్లారింది, టక్కున మాయమైతే మాత్రం ఈ మాట అంత అతకదు.

మనోళ్లు ఎక్కువ జారేది ఇక్కడ. తెలుగులో చెదిరింది వేరు, చెదరగొట్టాడు వేరు, కరిగింది వేరు, కరిగించాడు వేరు, ఇంగ్లిష్‌లో రెండిటికీ డిసిపేట్ ఒక్కటే సరిపోతది. డిసెంబర్ పొద్దున శంషాబాద్ దిక్కు మంచు పట్టి ఎండొచ్చాక విచ్చిపోయింది అనుకోండి, ద ఫాగ్ డిసిపేటెడ్ అంతే, మధ్యలో వాజ్ అక్కర్లేదు. ఎండే దాన్ని పోగొట్టింది అనాలంటే ద సన్ డిసిపేటెడ్ ద ఫాగ్. డబ్బు దుబారా చేయడానికి వాడే స్క్వాండర్ అనే మాటకి ఈ వెసులుబాటు లేదు, డబ్బు దానంతటది స్క్వాండర్ చేసుకోదు, ఎవడో ఒకడు తగలెయ్యాలి, పైగా ఆ మాటలో వీడికి బుద్ధి లేదు అనే తిట్టు కూడా కలిసి ఉంటది. మంచి ఛాన్స్ చేజార్చుకుంటే అక్కడ కూడా స్క్వాండర్ గానీ వేస్ట్ గానీ, డిసిపేట్ వద్దు.

పోలీసులు గుంపుని చెదరగొట్టారు అని పేపర్లో వచ్చేదానికి డిస్పర్స్ వాడండి. నిమజ్జనం అయ్యాక జనం వాళ్లంతట వాళ్లే పల్చబడ్డా డిస్పర్స్ సరిపోతది, డిసిపేట్ అన్నా తప్పు పట్టరు. వానకి రోడ్డు మీద నిలిచిన నీళ్లకి మాత్రం అస్సలు వద్దు, అవి డ్రెయిన్ అవుతాయి, మన గల్లీలో అది కూడా డౌటే అనుకోండి.

ఇంజనీరింగ్ వాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు, 10 ఓమ్‌ల రెసిస్టర్‌లో 2 ఆంపియర్లు పోతే 40 వాట్లు వేడిగా డిసిపేట్ అవుతాయి అని చదివే ఉంటారు. డ్యామ్ గేట్ల కింద నీటి ఊపు తగ్గించే కట్టడాన్ని ఎనర్జీ డిసిపేటర్ అంటారు, అంతే.

నన్ను ముంచిన డిసిపేటెడ్ సంగతి. పొగకీ డబ్బుకీ వాడితే ఏ గొడవా లేదు, మనిషి ముందో లైఫ్ ముందో పెట్టారంటే అర్థం మారిపోతది, తాగుడు, జూదం, జల్సాలు అన్నీ ఒక్క మాటలో వచ్చేస్తాయి. కాబట్టి బాస్‌కి మెయిల్‌లో వీకెండ్ ఏం పని కాలేదు అని చెప్పడానికి డిసిపేటెడ్ వీకెండ్ అని రాయకండి.

స్పెల్లింగ్‌లో ఎస్ రెండు, పీ ఒక్కటే. పలికేటప్పుడు ఒత్తు మొదటి డి మీద, తర్వాత సి తేలిగ్గా, చివర పేట్, ఎస్ రెండున్నాయని డిస్సిపేట్ అని నొక్కక్కర్లేదు.

తర్వాతి ఇంటర్వ్యూలో ఐ స్పెంట్ టూ ఇయర్స్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్స్ అన్నా. ఆ సార్ తల కూడా ఎత్తకుండా నెక్స్ట్ క్వశ్చన్‌కి పోయిండు.