జార్జియా టెక్నికల్ కాలేజీలో చేరేముందు: అడ్మిషన్ కాగితాలు, పాత చదువుకు క్రెడిట్లు

కమ్మింగ్, ఆల్ఫారెటా, సువానీ వైపు కొత్తగా దిగిన తెలుగు కుటుంబాల్లో మళ్లీ చదువుకోవాలనుకునేవాళ్లు ముందు ఎంఎస్ గురించే ఆలోచిస్తారు. డెంటల్ హైజీన్, రేడియోగ్రఫీ, మెడికల్ కోడింగ్, నెట్‌వర్కింగ్, అకౌంటింగ్ లాంటి వాటిలో నేరుగా పనికి పనికొచ్చే చదువు కావాలనుకుంటే మాత్రం టెక్నికల్ కాలేజీ వైపు చూడటం మంచిది. జార్జియాలో ఇలాంటివి 22 ఉన్నాయి. అన్నీ టెక్నికల్ కాలేజ్ సిస్టమ్ ఆఫ్ జార్జియా కిందే నడుస్తాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లకు దగ్గరవి గ్విన్నెట్ టెక్ (లారెన్స్‌విల్, ఆల్ఫారెటా), లానియర్ టెక్ (కమ్మింగ్‌లో ఫోర్సైత్ క్యాంపస్).

అప్లికేషన్ తెరిచే ముందు కాలేజీ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. లారెన్స్‌విల్‌లోనే గ్విన్నెట్ టెక్నికల్ కాలేజీ ఉంది, జార్జియా గ్విన్నెట్ కాలేజీ కూడా ఉంది. రెండోది 2006లో తెరిచిన నాలుగేళ్ల డిగ్రీ కాలేజీ, అది యూనివర్సిటీ సిస్టమ్ కిందిది. విదేశీ చదువును అమెరికా లెక్కలోకి మార్చే ఇవాల్యుయేషన్ సంస్థ వెబ్‌సైట్‌లో కాలేజీని ఎంచుకునేటప్పుడు పొరపాటున రెండోదాన్ని నొక్కితే రిపోర్టు అక్కడికే పోతుంది. మళ్లీ పంపించడానికి మళ్లీ డబ్బు కట్టాలి.

అడ్మిషన్‌కు అడిగేవి కొద్దే. వయసు 16 నిండాలి. హైస్కూల్ డిప్లొమా గానీ, జీఈడీ (డిప్లొమా బదులు రాసే పరీక్ష) గానీ, దానికి సమానమైన విదేశీ చదువు గానీ ఉండాలి. మన లెక్కలో సాధారణంగా అది ఇంటర్. పదో తరగతి మెమో ఒక్కటే సరిపోదు. డిగ్రీ పూర్తయినవాళ్ల దగ్గర హైస్కూల్ కాగితాల బదులు డిగ్రీ ఇవాల్యుయేషన్ తీసుకునే కాలేజీలు ఉన్నాయి కాబట్టి, ఇంటర్ మెమో కోసం ఊళ్లో వాళ్లను బోర్డు ఆఫీసుకు పంపే ముందు అడ్మిషన్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి అడగండి.

ఆ తర్వాత ప్లేస్‌మెంట్. ఇంగ్లిష్, లెక్కలు కాలేజీ స్థాయిలో ఉన్నాయో లేదో అక్యుప్లేసర్ పరీక్ష పెట్టి చూస్తారు. ఎస్ఏటీ, ఏసీటీ స్కోరు సరిపడా ఉన్నా, ఇదివరకే కాలేజీ స్థాయి ఇంగ్లిష్, మ్యాథ్స్ పాసైనట్టు రికార్డు ఉన్నా ఈ పరీక్ష రాయక్కర్లేదు. బీటెక్ వాళ్లకు లెక్కల భాగం చాలావరకు ఇబ్బంది ఉండదు. ఇంగ్లిష్ భాగం మాత్రం రాయమనవచ్చు. దాన్ని తేలిగ్గా తీసుకుని ఆదరాబాదరాగా రాయకండి. తక్కువ స్కోరు వస్తే అదనపు తరగతి తగిలిస్తారు, దానికీ ఫీజు కట్టాలి.

ఫీజు విషయం వీసాను బట్టి మారుతుంది. రాష్ట్ర నివాసులకు ఒక రేటు, వేరే రాష్ట్రం వాళ్లకు దానికి రెట్టింపు, అంతర్జాతీయ విద్యార్థులకు నాలుగు రెట్లు. నివాసి కింద రావాలంటే సాధారణంగా 12 నెలలు జార్జియాలో స్థిరంగా ఉన్నట్టు, చట్టబద్ధంగా ఉన్నట్టు చూపించాలి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవాళ్లు ఎఫ్-1కు (విద్యార్థి వీసాకు) మారకుండానే పార్ట్‌టైమ్ అయినా, ఫుల్‌టైమ్ అయినా చదువుకోవచ్చు. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ మాత్రం చేయకూడదు. హెచ్-4 వాళ్లను నివాసి రేటులో చూస్తారా లేదా అన్నది కాలేజీ మీ కాగితాలు చూసి తేల్చే విషయం. ఐ-797 (ఇమిగ్రేషన్ ఆమోదపు నోటీసు), పాస్‌పోర్టు, లీజు, జార్జియా లైసెన్స్, ట్యాక్స్ రిటర్నులు ముందే ఒక ఫైలులో పెట్టుకోండి. ఫీజు గడువుకు రెండు రోజుల ముందు ఇస్తే ఆ సెమిస్టర్‌కు పెద్ద రేటే పడే ప్రమాదం ఉంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఆ గడి వదిలేయండి, ఐటిన్ (పన్నుల కోసం ఇచ్చే నంబరు) గానీ ఇంకే నంబరు గానీ అందులో రాయకండి.

గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు హోప్ గ్రాంట్ సంగతి తప్పకుండా కనుక్కోవాలి. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులకు రాష్ట్రం ఇచ్చే సాయం ఇది. హైస్కూల్ మార్కులతో పని లేదు. మొత్తం 63 సెమిస్టర్ గంటల వరకే ఇస్తారు, మధ్యలో జీపీఏ 2.0 కంటే తగ్గకూడదు. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఇది గానీ, ఫెడరల్ సాయం గానీ రాదు.

ఇక ఎక్కువమంది డబ్బు, నెలలు పోగొట్టుకునే చోటు క్రెడిట్ ఇవాల్యుయేషన్. విదేశీ చదువును కాలేజీ నేరుగా చదవదు. నేసెస్ (ఇవాల్యుయేషన్ సంస్థల సంఘం) సభ్య సంస్థల్లో ఒకటి (డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటివి) దాన్ని అమెరికా లెక్కలోకి మార్చి రిపోర్టు ఇవ్వాలి. ఈ రిపోర్టులు రెండు రకాలు. డాక్యుమెంట్ రిపోర్టులో ‘ఇది బ్యాచిలర్స్‌కు సమానం’ అన్న ఒక్క మాటే ఉంటుంది. కోర్స్-బై-కోర్స్ రిపోర్టులో ప్రతి సబ్జెక్టుకూ క్రెడిట్లు, గ్రేడు వస్తాయి. మొదటిది చౌక కాబట్టి అదే తీసుకుంటారు. దానితో అడ్మిషన్ వస్తుంది గానీ ఒక్క క్రెడిట్ కూడా బదిలీ కాదు, ఎందుకంటే పోల్చడానికి అందులో సబ్జెక్టులే ఉండవు. పాత చదువుకు క్రెడిట్ కావాలంటే మొదటి రోజే కోర్స్-బై-కోర్స్‌కే కట్టండి.

ఆ సంస్థకు ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే సీల్ కవర్లో గానీ, నేరుగా ఆన్‌లైన్‌లో గానీ చేరాలి. ఇంటి దగ్గర తెరిచి స్కాన్ చేసి మళ్లీ అతికించిన కవరు చెల్లదు. జేఎన్‌టీయూ వాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2008లో అది హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. అంతకుముందు చేరినవాళ్లు తమ కాలేజీ రికార్డులు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో కనుక్కున్నాకే ట్రాన్స్‌క్రిప్టుకు అప్లై చేయాలి. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంకా తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే గడుపుతున్నవాళ్లు, ఒరిజినల్స్ కాలేజీలోనే వదిలేసి వచ్చినవాళ్లు ఆ పని ముందు చూసుకోండి. ఇండియా వెళ్లే అవకాశం ఉంటే ఆ ట్రిప్పులోనే సీఎంఎం (అన్ని మార్కులూ కలిపి ఇచ్చే మెమో), ఓడీ, సెమిస్టర్ మెమోలు, వీలైతే మీ బ్యాచ్ సిలబస్ పుస్తకం తెచ్చుకోండి. సిలబస్ ఎందుకో కింద చెబుతాం.

పేరు తేడా దగ్గర కూడా పని ఆగుతుంది. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు చేరి ఉంటుంది, వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడి ఉంటుంది. కాలేజీ అప్లికేషన్‌లోనూ, ఇవాల్యుయేషన్ ఖాతాలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఒకే పేరు రాసి, పాత పేరును ‘మునుపటి పేరు’ గడిలో ఇవ్వండి. మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ జత చేయండి.

రిపోర్టు చేరాక క్రెడిట్ ఇచ్చేది అడ్మిషన్ ఆఫీసు కాదు, రిజిస్ట్రార్. వాళ్లు చూసేది మీ యూనివర్సిటీ పేరును కాదు, ఒక్కో కోర్సునూ. గుర్తింపు ఉన్న సంస్థలో చదివి ఉండాలి, గ్రేడు కనీసం ‘సి’ ఉండాలి, కోర్సులోని విషయం, క్రెడిట్ గంటలు ఇక్కడి కోర్సుకు సరిపోవాలి. బదిలీ అయిన కోర్సుకు క్రెడిట్ వస్తుంది, జీపీఏలో మాత్రం కలవదు. అన్నీ సరిపోయినా, పట్టాకు కావాల్సిన క్రెడిట్లలో కనీసం 25 శాతం ఆ కాలేజీలోనే చదవాలి.

బీటెక్ ఎం-1, ఎం-2 లెక్కల పేపర్లకు, ఫిజిక్స్‌కు, కెమిస్ట్రీకి క్రెడిట్ వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. ఇంగ్లిష్ కాంపోజిషన్‌కు తక్కువ. దానికి క్లెప్ (క్లాసుకు వెళ్లకుండా క్రెడిట్ ఇచ్చే) పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే దారి ఉంది. బయాలజీలో ల్యాబ్ దగ్గర చిక్కు వస్తుంది. ఇక్కడ అనాటమీ-ఫిజియాలజీ బయాలజీ 2113 కింద 3 క్రెడిట్లు, దాని ల్యాబ్ 2113ఎల్ కింద విడిగా 1 క్రెడిట్. మీ మెమోలో ప్రాక్టికల్స్ విడిగా చూపకపోతే థియరీకే క్రెడిట్ ఇచ్చి ల్యాబ్ మళ్లీ చేయమంటారు. అప్పుడు సిలబస్ పుస్తకంలో ప్రాక్టికల్ గంటలున్న పేజీ పనికొస్తుంది. హెల్త్ కోర్సుల్లో సైన్స్ సబ్జెక్టులకు కాలపరిమితి కూడా పెడతారు. ఎప్పుడో పదేళ్ల కిందట చదివిన ఫిజియాలజీ చెల్లకపోవచ్చు.

సియాటెల్ వైపు నుంచి వచ్చినవాళ్లకు వేరే లెక్క. వాషింగ్టన్ రాష్ట్రం కమ్యూనిటీ కాలేజీలు క్వార్టర్లలో నడుస్తాయి. జార్జియా టెక్నికల్ కాలేజీలు 2011 ఫాల్ నుంచి సెమిస్టర్లకు మారాయి. క్వార్టర్ క్రెడిట్లను మూడింట రెండు వంతులు చేయాలి. 5 క్వార్టర్ క్రెడిట్ల కోర్సు 3.33 అవుతుంది, కాబట్టి ఇక్కడి 3 క్రెడిట్ల కోర్సుకు సరిపోతుంది. 3 క్వార్టర్ క్రెడిట్లది 2 అవుతుంది, సరిపోదు.

రేపు కెన్నెసా స్టేట్‌కో జార్జియా స్టేట్‌కో మారి బ్యాచిలర్స్ చేయాలన్న ఆలోచన ఉన్నవాళ్లు కోర్సు నంబర్లు జాగ్రత్తగా చూడాలి. టెక్నికల్ కాలేజీల్లో ఇంగ్లిష్ 1010, మ్యాథ్స్ 1012 డిప్లొమా స్థాయివి. ఇంగ్లిష్ 1101, మ్యాథ్స్ 1111 డిగ్రీ స్థాయివి. ఫీజు, గంటలు దాదాపు ఒకటే, కానీ యూనివర్సిటీకి బదిలీ అయ్యేవి రెండో రకమే. డిప్లొమాకు 1010 చాలని చెప్పినా, ప్లేస్‌మెంట్‌లో స్కోరు ఉంటే 1101 తీసుకోవచ్చా అని అడగండి. చాలా డిప్లొమాల్లో దాన్ని బదులుగా ఒప్పుకుంటారు.

నర్సింగ్, డెంటల్ హైజీన్, సోనోగ్రఫీ లాంటి వాటిలో కాలేజీ అడ్మిషన్ వచ్చినంత మాత్రాన ప్రోగ్రాంలో సీటు వచ్చినట్టు కాదు. ముందు కోర్ కోర్సులు పూర్తి చేసి, టీస్ లాంటి పరీక్ష రాసి, పోటీలో నిలవాలి. అందుకే ఇక్కడ పాత ‘సి’ గ్రేడును బదిలీ చేసుకోవడం కంటే ఆ కోర్సు మళ్లీ చదివి ‘ఎ’ తెచ్చుకోవడం ఒక్కోసారి మేలు. ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు మాత్రం మళ్లీ మొదటినుంచి చేరకండి. ముందు ట్రూమెరిట్ (విదేశీ నర్సుల చదువును పరిశీలించే సంస్థ, పాత పేరు సీజీఎఫ్ఎన్‌ఎస్) ద్వారా చదువు పరిశీలింపజేసుకుని, ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్స్ పరీక్ష) రాసే అర్హత ఉందో లేదో జార్జియా నర్సింగ్ బోర్డు దగ్గర తేల్చుకోండి.

రిజిస్ట్రార్ ఏదైనా కోర్సును తిరస్కరిస్తే అది చివరి మాట కాదు. సిలబస్ పేజీలు, వాడిన పాఠ్యపుస్తకం పేరు, వారానికి గంటలు జతచేసి మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడగవచ్చు. ఆ సబ్జెక్టు డిపార్ట్‌మెంట్ వాళ్లు చూసి ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. కాకపోతే ఇదంతా ఆ కోర్సుకు రిజిస్టర్ అవ్వకముందే జరగాలి. ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది. ఇండియా నుంచి ట్రాన్స్‌క్రిప్టులు రావడం, ఇవాల్యుయేషన్, కాలేజీ పరిశీలన ఒకదాని తర్వాత ఒకటి జరగాలి కాబట్టి ఫాల్‌లో చేరాలనుకుంటే ట్రాన్స్‌క్రిప్టు అప్లికేషన్ జనవరిలోనే పెట్టండి.