రబ్బరులో కార్బన్ బ్లాక్ కలిపే పద్ధతి: కొత్తగా షెడ్డు పెట్టేవాళ్లకి

తిరుపతి దగ్గర గాజులమండ్యం వైపు చిన్న షెడ్డు పెట్టి బుష్‌లు, గాస్కెట్లు చేద్దామనుకునేవాళ్లు నన్ను అడిగేది మిషన్ గురించే, కానీ సరుకు పాడయ్యేది కార్బన్ బ్లాక్ కలిపే దగ్గర. నలుపు రంగు కోసం వేసే పొడి అనుకుంటారు. కాదు, టైరు రోడ్డు మీద తొందరగా అరిగిపోకుండా నిలబడుతోందంటే దీని బలంతోనే.

పొయ్యి మసితో దీన్ని పోల్చకండి. భారీ నూనెను 1300 డిగ్రీలు దాటిన కొలిమిలోకి చిమ్మి, పూర్తిగా కాలిపోకముందే నీళ్లు కొట్టి చల్లార్చి, గుడ్డ ఫిల్టర్లలో పట్టి గుళికలు చేస్తారు.

కొనేటప్పుడు గ్రేడు పేరులో (ఎన్330 లాంటిది) ఎన్ తర్వాతి మొదటి అంకె చూడండి. అది చిన్నదైతే కణం చిన్నది, రబ్బరు అరుగుదలకి బాగా తట్టుకుంటుంది, కానీ కలపడం కష్టం, మిల్లు (రెండు రోలర్ల మధ్య రబ్బరును నలిపి కలిపే మిషన్) బాగా వేడెక్కుతుంది. ట్రెడ్‌ (టైరులో రోడ్డుకి తగిలే పొర) రబ్బరుకి ఎన్330 సరే, గాస్కెట్లకి ఎన్550, ఎన్660 చాలు.

10 కిలోల రబ్బరుకి 5 కిలోల బ్లాక్‌తో మొదలుపెట్టండి. ముందు రబ్బరు రోలర్‌కి చక్కగా చుట్టుకునేదాకా నలగాలి, ఆ తర్వాత జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్, అప్పుడు బ్లాక్, అదీ మూడు నాలుగు విడతల్లో. రబ్బరులో కలిపే నూనె మొదట్లోనే పోస్తే రబ్బరు మెత్తబడి జారిపోతుంది, గుళికలు నలగవు, అందుకే సగం బ్లాక్ పట్టాక కొంచెం కొంచెంగా పోయండి. ట్రేలో రాలిందంతా మళ్లీ లోపలికే వెళ్లాలి, లేకపోతే తూకం తప్పినట్టే. బ్లాక్ మొత్తం పట్టేదాకా రోలర్‌కి చుట్టుకున్న షీటు కోయొద్దు, పట్టాక అటూ ఇటూ కోసి తిప్పండి.

రబ్బరును ఉడికించి గట్టిపరిచే సల్ఫర్ చివర్లో, షీటు చల్లారాకే. వేడి మీద వేస్తే మిల్లు మీదే ఉడకడం మొదలవుతుంది. మొదటి ఏడాది నాకు ఒక బ్యాచ్ మొత్తం అలాగే పోయింది, ఆ నష్టం ఇంకెవరికీ వద్దనే ఇంత వివరంగా రాస్తున్నా.

మర్నాడు ఒక ముక్కను బ్లేడుతో కోసి వెలుతురులో చూడండి. కోత నున్నగా ఉండాలి. చుక్కలు కనిపించాయంటే గుళికలు నలగలేదు, రేపు పగులు మొదలయ్యేది అక్కడే.

కార్తీకం వానలకి బస్తాలు చెమ్మ పీలుస్తాయి, నేల మీద పెట్టకుండా చెక్కల మీద పేర్చండి. దుమ్ము విషయంలో మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం (ఐఏఆర్‌సీ) వాళ్ల, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న 2బి జాబితాలో కార్బన్ బ్లాక్ ఉంది. మంచి మాస్కు ఇవ్వండి, గాలి పైపుతో దులపనివ్వకండి, వాక్యూమ్‌తో తీయించండి. మిల్లును ఆపే తాడు పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున లాగి చూశాకే మొదటి బ్యాచ్ వేయండి.