కుందేళ్లు, గినీ పిగ్‌ల ఆశ్రయం – 4వ పాఠం: వేసవి గది

గత పాఠంలో కొత్తగా వచ్చిన జీవాన్ని 14 రోజులు విడిగా ఉంచడం చూశాం. ఈ పాఠంలోని పనులు ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. విజయవాడలో ఏప్రిల్ వచ్చాక చల్లటి గది వెతుక్కుంటే అప్పటికే ఆలస్యం.

కుందేలుకు 15 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 30 పైన వడదెబ్బ భయం. గినీ పిగ్‌కూ దాదాపు ఇంతే. మన దగ్గర మే నెలలో పగలు 42 మామూలే, ఇక రోహిణీ కార్తె సంగతి చెప్పక్కర్లేదు. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల్లోని రక్తనాళాల ద్వారానే బయటికి పంపుతుంది. అందుకే ఫ్యాను పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండటం ప్రమాదం. కుందేలు ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. గదిలో 42 ఉంటే ఫ్యాను దాని మీదికి తోసేది వడగాలే.

కింది అంతస్తులో తూర్పు గదో ఉత్తరం గదో ఎంచుకోండి. డాబా కిందే ఉన్న గది వద్దు. పగలంతా ఎండకు కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా లోపలికి వేడి వదులుతూనే ఉంటుంది. గత్యంతరం లేకపోతే డాబా మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి, పడమటి కిటికీకి బయటివైపు గోనెపట్టా కట్టండి. లోపల కట్టిన తెర అంతగా ఆపదు, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. రేకుల షెడ్డు మాత్రం ఎంత తడిపినా మే నెలకు పనికిరాదు.

కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ చూపే డిజిటల్ మీటరు ఒకటి కొనండి. దాన్ని గోడకు మన కళ్ల ఎత్తున కాదు, జంతువు పడుకునే ఎత్తున పెట్టాలి. పంజరాలు ఒకదాని మీద ఒకటి ఉంటే పై వరసలోనూ కొలవండి, వేడి అక్కడే ఎక్కువ.

కూలరు సంగతి జాగ్రత్తగా వినండి. పడమటి పొడిగాలి వీచే రోజుల్లో అది బాగా పనిచేస్తుంది, అదీ కిటికీ తెరిచి ఉంటేనే. ఉక్కపోత రోజుల్లో గది చల్లబడదు, చెమ్మ మాత్రం పెరుగుతుంది. గడ్డికి బూజు పడుతుంది, మూత్రం వాసన ఘాటెక్కుతుంది, వెనకభాగం తడిసిన కుందేలు మీద ఈగలు గుడ్లు పెడతాయి. మీటరులో తేమ 60 శాతం దాటితే నీళ్ల పంపు ఆపేయండి. కుందేళ్లు ఎక్కువగా ఉంటే ఒక్క గదికైనా ఏసీ పెట్టి 26 దగ్గర ఉంచడమే మా సలహా. మిగతావన్నీ దానికి తోడు మాత్రమే.

కరెంటు పోయినప్పుడు ఆదుకునేవి రెండు: నాపరాయి, గడ్డకట్టిన నీళ్ల సీసా. ఒక్కో కుందేలుకు అడుగు చదరం నాపరాయి పలక చాలు. లీటరు సీసాలో ముప్పావు వంతే నింపండి, నిండా పోస్తే గడ్డకట్టినప్పుడు పగులుతుంది. పాత నూలుగుడ్డ చుట్టి ఒక పక్కనే పెట్టండి, వద్దనుకుంటే అది దూరంగా జరగగలగాలి. ఒకటి వాడుతుంటే ఇంకొకటి ఫ్రీజరులో ఉండాలి. ఎలుకలకు, హామ్‌స్టర్‌లకు మాత్రం సీసాను పంజరం బయట ఆనించండి, లోపల పెడితే కొరికేస్తాయి.

నీళ్లు బరువైన మట్టి మూకుళ్లలో, రెండు చోట్ల పెట్టండి. గొట్టం సీసా కన్నా గిన్నెలో కుందేలు ఎక్కువ తాగుతుంది. గరిక, ఆకుకూరలు తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం ఏడు దాటాక వేయండి. గినీ పిగ్‌కు విటమిన్ సి సొంతంగా తయారుకాదు. నీళ్లలో కలిపిన చుక్కలు వేడికి, వెలుతురుకు త్వరగా పాడవుతాయి. వాటికి బదులు రోజూ పది గ్రాముల జామ ముక్క ఇవ్వండి.

ఇక వడదెబ్బ. వేగంగా ఊపిరి, వేడెక్కి ఎర్రబడ్డ చెవులు, ముక్కు చుట్టూ తడి, తూలడం. నోరు తెరిచి ఊపిరి పీలుస్తోందంటే చాలా ముదిరినట్టు. వెంటనే చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్లలో ముంచిన గుడ్డతో చెవులు, పాదాలు తడపండి. ఐసు నీళ్లు వద్దు, వాటివల్ల రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే చిక్కుకుంటుంది. తొట్టిలో ముంచొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 40.5 దాటితే ప్రమాదం. 39.5కు దిగగానే తడపడం ఆపండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. తడుపుతూనే పశువైద్యుడికి ఫోన్ చేయించండి. తేరుకున్నట్టు కనిపించినా పేగుల కదలిక ఆగిపోవచ్చు, అందుకే 24 గంటలు పెంటికలు లెక్కపెట్టండి. 10–12 గంటలు తినకపోతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇంకో మాట. ఎండలకు మగ కుందేళ్లలో సంతాన శక్తి తగ్గుతుందని విని ఆడవాటితో కలిపి వదిలేసేవాళ్లున్నారు. తగ్గడం నిజమే కానీ దాన్ని నమ్ముకోవద్దు.

ఈ వారం పని: మీరు ఎంచుకున్న గదిలో మూడు రోజులు మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి ఉష్ణోగ్రత, తేమ రాసుకోండి. రాత్రి 10కి కూడా 30 కిందికి దిగకపోతే గది మార్చండి. 5వ పాఠంలో ఆడా మగా గుర్తించడం, ఎన్ని వారాలకు విడదీయాలో చూద్దాం.