బ్లాకుల ఆటలో సొంతంగా కట్టుకునే ఓడలు పెట్టాలంటే ఏం చేయాలి?

మైన్‌క్రాఫ్ట్‌లో పడవ కావాలంటే 5 చెక్క పలకలు చాలు, క్షణంలో చేతికొస్తుంది, ఎక్కి పోవచ్చు. 2022లో వచ్చిన 1.19 అప్‌డేట్‌తో అందులో ఒక పెట్టె కూడా పెట్టుకునే వీలొచ్చింది. అక్కడితో సరి. చార్మినార్‌ని నాలుగు మినార్లతో సహా బ్లాకుల్లో దింపేసినవాడు కూడా నీళ్ల దగ్గరకొచ్చేసరికి అందరూ ఎక్కే అదే పడవ ఎక్కాలి. ఈ లోటు మీకూ అనిపించి, సొంత ఆటలోనో, ఉన్న ఆటకు మనం రాసి జోడించే మోడ్‌లోనో అసలైన ఓడలు పెట్టాలనుకుంటే ఏ వరసలో పని మొదలుపెట్టాలో చెప్తాను. అమీర్‌పేటలో దీనికి కోర్సు ఇంకా పెట్టినట్టు లేరు కాబట్టి మనమే చేసుకోవాలి.

చేతిలో సొంత ఆట లేకపోతే లువాంటి అనే బ్లాకుల ఆటల ఇంజిన్ తీసుకోండి. ఒకప్పుడు మైన్‌టెస్ట్ అనేవారు, 2024లో పేరు మార్చారు. ఉచితం, ఓపెన్ సోర్స్, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, మోడ్‌లు లువా భాషలో రాయాలి. పైథాన్ కొంచెం వచ్చినవాళ్లకు లువా పెద్ద కష్టం కాదు.

ముందు ఒక నిర్ణయం: ఓడ అంటే వస్తువా, కట్టడమా?

ఇది తేల్చకుండా కోడ్ ముట్టుకోవద్దు. వస్తువు అంటే మీరు ముందే తయారు చేసి పెట్టిన ఒక మోడల్, సామాన్లు ఇస్తే మొత్తంగా వచ్చేస్తుంది. వాల్‌హైమ్ అనే ఆటలో పద్ధతి ఇదే, తెప్పకు 20 చెక్క, 6 తోలు ముక్కలు, 6 జిగురు ఇస్తే చాలు, అదే పెద్ద ఓడకు వచ్చేసరికి ఇనుప మేకులే 100 కావాలి. బాగుంటుంది, బగ్‌లు తక్కువ, కానీ నా ఓడా మీ ఓడా పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో తెలియదు. కట్టడం అంటే ఆటగాడే ఒక్కో బ్లాకు పేర్చుకుంటాడు, ఆ పేర్చినదే నీళ్ల మీద కదులుతుంది. స్వేచ్ఛ ఎక్కువ, తలనొప్పి ఇంకా ఎక్కువ.

నన్నడిగితే రెండూ పెట్టండి. చిన్నవి వస్తువులు, పెద్దవి కట్టడాలు. కొత్తగా ఆటలోకి వచ్చినవాడికి మొదటి పది నిమిషాల్లో నీళ్లు దాటే దారి ఉండాలి, ముప్ఫై గంటలు ఆడినవాడికి వారాంతమంతా కూర్చుని కట్టుకునే పని ఉండాలి. ఒకే పద్ధతితో ఈ ఇద్దరినీ మెప్పించడం కష్టం.

మెట్లు పెట్టండి

మొదటి మెట్టు తెప్ప: వెదురు, తాడు, అంతే. రెండోది పుట్టి. మన కృష్ణ మీద చేపలు పట్టేవాళ్లు వాడేదే, గుండ్రంగా అల్లిన వెదురు బుట్టకు అడుగున పూర్వం తోలు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ పట్టా. ఆటలో ఇది భలే పనికొస్తుంది, ఎందుకంటే గుండ్రంగా ఉన్నది నేరుగా పోదు, తెడ్డు సరిగా వేయకపోతే అక్కడే తిరుగుతుంది. చవక, తేలిక, కానీ నడపడం నేర్చుకోవాలి. రెండూ రెడీమేడ్ వస్తువులుగానే ఉంచండి. మూడో మెట్టు నుంచి ఓడ పలకలు: మామూలు చెక్కకు గుగ్గిలం పూస్తే ఓడ పలక అవుతుంది. ఈ గుగ్గిలం ముచ్చట కోసం పెట్టింది కాదు, దీని అసలు పని ఇంకాస్త కింద వస్తుంది.

బరువు పెట్టండి, మిగతాది దాని వెనకే వస్తుంది

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. చాలామంది కస్టమైజేషన్ అనగానే రంగులు, జెండాలు, ముందుభాగాన పులి తలకాయ అంటారు. అవీ కావాలి, కాదనను. కానీ ఆటగాడు పెట్టిన ప్రతి బ్లాకూ ఓడ నడకను ఎంతో కొంత మార్చకపోతే అది అలంకారంగానే మిగిలిపోతుంది, వారం రోజుల్లో మొహం మొత్తుతుంది. బరువు ఉంటే ప్రతి బ్లాకు దగ్గరా ఒక బేరం ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. 1990 మార్చిలో హుస్సేన్ సాగర్ మధ్యకు బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే అది ఒరిగి విగ్రహం నీళ్లలో పడిపోయింది, మనుషులు చనిపోయారు. విగ్రహం రెండేళ్లకు పైగా అడుగునే ఉండి 1992 చివర్లో పైకొచ్చింది. వందల టన్నుల రాయి నీళ్ల మీద ప్రయాణించాలంటే పడవ ఎంత పెద్దది అనేదొక్కటే చూస్తే చాలదు, బరువు ఎంత ఎత్తున ఉంది, ఏ వైపుకు జరిగింది అనేవీ చూడాలి.

ఆటలో లెక్క సులువే. బ్లాకు ఒక ఘనపు మీటరు అనుకోండి. అంత మంచినీరు 1000 కిలోలు. టేకు సుమారు 650, ఇనుము 7870. ఇప్పుడు 8 పొడవు, 3 వెడల్పు, 2 ఎత్తు ఉన్న ఓడ కట్టామనుకుందాం. అడుగున 24 పలకలు, పై వరసలో చుట్టూ గోడకు 18, మొత్తం 42. బరువు 27.3 టన్నులు. ఓడ మొత్తం మునిగితే పక్కకు తోసే నీళ్లు 48 టన్నులు. అంటే ఖాళీ ఓడ 2 మీటర్లలో సుమారు 1.14 మీటరు మునిగి హాయిగా తేలుతుంది, ఇంకో 20 టన్నుల పైచిలుకు సరుకు మోయగలదు. లోపల 6 గళ్ల ఖాళీ ఉంది కదా అని ఇనుప దిమ్మలు వేయడం మొదలుపెడితే రెండు పడతాయి, మూడోది వేయగానే మునుగుతుంది.

ఆ రెండూ ముందువైపే వేస్తే? మునగడానికి ఇంకా 5 టన్నుల దాకా తేడా ఉన్నా మూతి నీళ్లలోకి దిగి నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. ఒకటి ముందు, ఒకటి వెనక వేస్తే ఓడ సమంగా నిలబడుతుంది. ఇనుము పొట్టలో ఉంటే నిలకడ, అదే పైకి ఎక్కించేకొద్దీ పక్కకు ఒరుగుతుంది. ఇంత చిన్న లెక్కలోంచే ఆటగాడికి ఎన్ని ఆలోచనలు పుడతాయో చూడండి, ఎత్తైన గోపురం కట్టాలంటే ఓడ వెడల్పు పెంచాలి లేదా అడుగున రాళ్లు వేయాలి, రాళ్లు వేస్తే సరుకు తగ్గించుకోవాలి.

కోడ్‌లో ఇందుకు కావలసినవి మూడే సంఖ్యలు: మొత్తం బరువు, గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉందనుకోగల బిందువు) ఎక్కడుంది, ఓడ పొట్ట ఘనపరిమాణం ఎంత. పొట్ట ఎలా కనుక్కోవాలంటే, ఓడ చుట్టూ ఒక పెట్టె ఉందనుకుని దాని అంచుల నుంచీ అడుగు నుంచీ వరసకు వరస నీళ్లు పారించండి, ఎక్కడికి నీళ్లు చేరలేదో అదంతా పొట్ట. అడుగున ఒక్క పలక మర్చిపోయినా లోపలి ఖాళీ అంతా పొట్ట లెక్కలోంచి పోతుంది, బరువు ఎక్కువైతే ఓడ మునుగుతుంది, ఆటగాడు బుర్ర గోక్కుంటాడు. అందుకే మునిగే ముందు కారణం తెరమీద చెప్పండి: "అడుగున కన్నం ఉంది", "ముందువైపు బరువెక్కువ" అని. కారణం చెప్పకుండా ముంచితే మాత్రం మీకు తిట్లు తప్పవు.

చుక్కానితో ఓడను బతికించడం

కట్టడం అయ్యాక ఆటగాడు ఒక చుక్కాని బ్లాకు పెట్టి దాన్ని నొక్కుతాడు. అప్పుడు ప్రోగ్రామ్ ఆ బ్లాకు నుంచి బయల్దేరి ఆరు పక్కలా చూస్తుంది, ఓడకు చెందిన బ్లాకు కనిపిస్తే లెక్కలో కలుపుకుంటుంది, మళ్లీ దాని ఆరు పక్కలు. దీన్నే ఫ్లడ్ ఫిల్ అంటారు. ఇక్కడే గుగ్గిలం అక్కరకొస్తుంది. ఏ చెక్కనైనా ఓడ కింద లెక్కేస్తే రేవు, రేవును ఆనుకున్న ఇల్లు, ఆ ఇంటి పక్క వంతెన అన్నీ ఓడైపోయి, చివరికి ట్యాంక్‌బండ్ మొత్తం కదిలి బయల్దేరుతుంది. కాబట్టి గుగ్గిలం పూసిన పలక, తెరచాప, పెట్టె, లంగరు లాంటి కొన్ని బ్లాకుల జాబితా పెట్టుకోండి, అవి మాత్రమే ఓడ. దానికి తోడు ఒక గరిష్ఠ పరిమితి కూడా, మొదట్లో 1000 బ్లాకులు దాటనివ్వకండి. సర్వర్ తట్టుకుంటోందని తేలాక పెంచుకోవచ్చు.

లెక్క అయ్యాక బ్లాకులన్నీ ప్రపంచంలోంచి తీసేసి ఒకే ఎంటిటీగా, అంటే ఆటలో కదలగలిగే ఒకే వస్తువుగా మార్చాలి, ఎందుకంటే బ్లాకులు వాటంతట అవి కదలవు. లంగరు వేసినప్పుడు మళ్లీ బ్లాకులుగా పరచాలి. వంకరగా ఆగితే దగ్గర్లోని నాలుగు దిక్కుల్లో ఒకదానికి సర్దేయండి, బ్లాకుల గళ్లలో కుదరకపోతే లంగరు పడనివ్వకండి.

లువాంటిలో చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎంటిటీ తిరిగినా దాని ఢీకొనే పెట్టె (అది దేనికైనా తగిలిందా అని ఆట చూసుకునే హద్దు) తిరగదు. పొడవైన ఓడ మలుపు తిరిగితే మూతి గట్టులోంచి దూరిపోతుంది. ఆ పెట్టెను నమ్ముకోకుండా ఓడ అంచుల మీద ఓ ఎనిమిది చోట్ల పాయింట్లు పెట్టుకుని, కదిలే ముందు ప్రతి పాయింటు దగ్గరా ముందు ఉన్నది నీళ్లా నేలా అని చూసుకోండి. ప్రయాణంలో ఉండగా డెక్ మీద నడవడం అనే కోరిక ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అందరినీ సీట్లకు అతికించేయండి, లంగరు వేశాక కావలసినంత తిరుగుతారు.

వేగం, గాలి

నీళ్లలో పొడవైన ఓడే వేగంగా పోతుంది. నిజ జీవితంలో మామూలు ఓడల వేగం ఇంచుమించు నీటి దగ్గర పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మీటర్లలో పొడవు తీసుకుని వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి. 8 బ్లాకుల ఓడకు 3.5, 16 బ్లాకుల ఓడకు 5. కానీ లువాంటిలో మనిషి నడకే సెకనుకు 4 బ్లాకులు, గట్టు మీద నడిచేవాడు ఓడను దాటేసి వెళ్తే పరువేం కాను. ఫలితాన్ని రెండుతోనో మూడుతోనో గుణించేయండి. నిజం కంటే ఆట ముఖ్యం.

గాలి పెట్టాలా వద్దా అంటే, పెట్టండి, కానీ సున్నితంగా. వర్షాకాలంలో హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరిగేటప్పుడు నెక్లెస్ రోడ్డు నుంచి చూస్తే తెలుస్తుంది, గాలికి ఎదురుగా నేరుగా ఎవరూ పోలేరు, అటు కొంత ఇటు కొంత కోసుకుంటూ వెళ్తారు. ఆటలో గాలికి ఇరువైపులా 45 డిగ్రీల లోపు తెరచాప పనిచేయదని పెడితే అదే నైపుణ్యం అవుతుంది. తెడ్లు మాత్రం ఎటైనా పనిచేయాలి, నెమ్మదిగానైనా. లేకపోతే కొత్తవాడు నడి చెరువులో ఇరుక్కుపోయి ఆట మూసేస్తాడు.

రంగులు, పేర్లు

ఇక్కడ మీ ఇష్టం. పలకలకు రంగు, తెరచాపకు బొమ్మ, ముందుభాగానికి ఒక తలకాయ బ్లాకు చాలు. తప్పనిసరిగా పెట్టాల్సింది పేరు పలక, అదీ తెలుగులో రాసుకునేలా. మన లారీల వెనక రాతల్లాగా జనం ఏవేవో రాసుకుంటారు, సగం సరదా అక్కడే ఉంటుంది. ఫాంటులో ఒత్తులు సరిగా పడుతున్నాయో లేదో ముందే చూసుకోండి, గేమ్ ఇంజిన్లలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి నిలబడటం మామూలే.

సరుకు పోకుండా, రెట్టింపు కాకుండా

విసుగు పుట్టించే భాగమే కానీ దాటేయకండి. బ్లాకులు ఓడగా మారే ఆ క్షణంలో సర్వర్ ఆగిపోతే రెండు రకాల గొడవలు వస్తాయి: ఓడ మాయం కావడం, లేదా రేవులో బ్లాకులూ నీళ్లలో ఓడా రెండూ ఉండి పెట్టెలోని వజ్రాలు రెట్టింపు కావడం. మొదటిదానికి ఆటగాడు ఏడుస్తాడు, రెండోదానికి నవ్వుకుని ఎవరికీ చెప్పడు. అందుకని ముందు ఓడ వివరాలన్నీ పెట్టెల్లోని సరుకుతో సహా ఒక నంబరు కింద రాసి సేవ్ చేయాలి, తర్వాత బ్లాకులు తీయాలి, ఆఖరున ఎంటిటీ పుట్టించాలి. సర్వర్ మళ్లీ మొదలైనప్పుడు సగంలో ఆగిన నంబర్లు ఉన్నాయేమో చూసి ఆ పని పూర్తి చేయాలి.

ఓడకు యజమాని ఎవరో కూడా అందులోనే రాయండి. యజమాని, అతను అనుమతించిన స్నేహితులు తప్ప ఎవరూ చుక్కాని పట్టుకోకూడదు. పబ్లిక్ సర్వర్‌లో ఈ తాళం లేకపోతే పొద్దున్నే లేచేసరికి మీ ఓడ ఎవడి రేవులోనో ఉంటుంది.

పరీక్షకు సముద్రం అక్కర్లేదు. మధ్యలో ఒక రాతి దిమ్మ ఉన్న చిన్న చెరువు మ్యాప్ చేసుకోండి, నలుగురు ఫ్రెండ్స్‌ని ఒకే వైఫై మీద కూర్చోబెట్టి, గట్టు నుంచి ఆ దిమ్మ దాకా ఒక బరువైన రాయి చేర్చమనండి. సూచనలేవీ ఇవ్వకండి. ఎవరు ఎక్కడ ముంచుతున్నారో, ముంచాక ఎందుకు మునిగిందో వాళ్లకు అర్థమవుతోందో లేదో రాసుకోండి. ఫిరంగులు ఎప్పుడు పెడతావని వాళ్లు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు, ఆ రాయి ఒరగకుండా దిమ్మ దాకా చేరేవరకు ఆ మాట ఎత్తనివ్వకండి.